ఆట నియమాలు గెలిసినోళ్లే రాస్తే ఎట్ల?

మా బాపు ఏ ఎలక్షనొచ్చినా పొద్దుగాల ఏడింటికే పోయి లైన్ల నిలబడ్తడు. ఓటేసొచ్చి, సిరా పెట్టిన వేలు సూపెట్టి ఒక్కటే మాట అంటడు: "అయిపాయె బిడ్డా, నా ఓటు మోరీల పడ్డది." ఎందుకంటే ఆయన ఓటేసే పార్టీ మా నియోజకవర్గంల గెలువది. ముప్పై ఏండ్ల సంది వేస్తుండు, గెలిసింది ఒక్కపారే. "మరెందుకు పోతవే?" అని అడిగితే, "పోకుంటె సచ్చిపోయిండనుకొని లిస్టుల పేరు కొట్టేస్తరు" అని నవ్వుతడు.

నేను సుత మస్తు రోజులు నవ్విన. 2023 డిసెంబర్‌ల మన అసెంబ్లీ ఫలితాలొచ్చినంక నవ్వుడు బందువెట్టిన. బస్టాండ్ కాడ చాయ్ హోటల్ల దోస్తులందరం కూసొని ఫోన్ల లెక్కలు సూస్తున్నం. కాంగ్రెసుకు 39.4 శాతం ఓట్లు, 64 సీట్లు. బీఆర్‌ఎస్‌కు 37.35 శాతం ఓట్లు, 39 సీట్లు. ఓట్ల తేడా రెండు శాతం. సీట్ల తేడా 25. బీజేపీకి 14 శాతం దాక ఓట్లొస్తే సీట్లు 8. మాలో ఒకడు పక్క రాష్ట్రం లెక్క తీసిండు. ఆంధ్రల 2019ల టీడీపీకి 39 శాతం పైన ఓట్లు, 175ల 23 సీట్లు. 2024ల వైసీపీకి సుత 39 శాతం పైననే ఓట్లు, సీట్లు 11. ప్రతి పది మందిల నలుగురు ఓటేసిన పార్టీకి అసెంబ్లీల ఒక మూల బెంచీ.

ముందుగాల్నే ఒక మాట చెప్త. ఇది ఏ పార్టీ చేసిన మోసం కాదు. ఓట్లు సక్కగనే లెక్కపెట్టిండ్రు. ఇయ్యాల ఒకరికి లాభమైతే రేపు ఇంకొకరికి లాభమైతది. ఇది ఆట నియమంల ఉన్న గుణం. ఒక్కో నియోజకవర్గంల ఎవరికి ఒక్క ఓటు ఎక్కువొస్తే వాళ్లు గెలిసినట్టు, మిగిలిన ఓట్లన్ని గాలికి. ఈ పద్ధతి బ్రిటిషోళ్లు పోతపోత ఇచ్చిపోయింది. మనకు, కెనడాకు, ఇంకా కొన్ని దేశాలకు ఇదే పద్ధతి.

మరి మార్చొచ్చు కదా? ఈడనే ముడి పడ్డది. నియమం మార్చాలంటే చట్టం చెయ్యాలె. చట్టం చేసేటోళ్లు ఎవలు? ఇదే నియమం మీద గెలిసొచ్చినోళ్లు. తను ఎక్కొచ్చిన నిచ్చెనను తనే ఎవడు నరుక్కుంటడు? ఓడినప్పుడు అందరు "పద్ధతి బాగలేదు" అంటరు. గెలిసినంక మర్సిపోతరు.

ఈ ముడి ఇప్పెతందుకు ఒక రాష్ట్రంల ఒక పని చేసి సూసిండ్రు. దాని గురించి చెప్తందుకే ఇదంత రాస్తున్న.

చీటీల పేరొచ్చినోళ్ల సభ

ఆ రాష్ట్రం కెనడాల బ్రిటిష్ కొలంబియా. వాంకోవర్, సర్రే అంటే మీకు తెలుస్తది. మన పోరగాండ్లు చదువుకు, కొలువులకు పోయేది ఆడికే. 1996ల ఆడ జరిగిన ఎలక్షన్ల లిబరల్ పార్టీకి దగ్గర దగ్గర 42 శాతం ఓట్లొచ్చినయి, ఎన్‌డీపీ అనే పార్టీకి 39 శాతం పైన. కని సర్కారు ఎవరిది? ఎన్‌డీపీది! 75 సీట్లల్ల 39 వాళ్లకే వచ్చినయి. ఓట్లల్ల గెలిసినోడు సీట్లల్ల ఓడిండు.

అయిదేండ్లకు, 2001ల, లెక్క ఉల్టా అయ్యింది. లిబరల్స్‌కు 57 శాతం పైన ఓట్లు, 79 సీట్లల్ల 77! ఎన్‌డీపీకి 21 శాతం పైన ఓట్లొచ్చినా సీట్లు రెండే. గ్రీన్ పార్టీకి 12 శాతం ఓట్లు, సీటు ఒక్కటి సుత లేదు. ప్రతిపక్షం అంటే ఇద్దరు మనుషులు.

అప్పుడు ముఖ్యమంత్రి అయిన గోర్డన్ కాంప్‌బెల్, 77 సీట్లున్నా, తను 1996ల తిన్న దెబ్బ యాదిపెట్టుకొని, ఎలక్షన్ల ముంగట ఇచ్చిన మాట నిలబెట్టుకున్నడు. ఎన్నికల పద్ధతి మార్చాల్నా వద్దా అనేది ఎమ్మెల్యేలు తేల్చొద్దు, మామూలు జనం తేల్చాలె అన్నడు. ఎంపిక ఎట్ల? ఎలక్షన్ పెట్టి కాదు, చీటీ తీసి.

దాన్ని ఆడ సిటిజెన్స్ అసెంబ్లీ అన్నరు. మనం పౌరసభ అనుకుందాం. ఓటర్ల లిస్టుల నుంచి పేర్లు తీసి ఉత్తరాలు పంపిండ్రు. వస్తమన్నోళ్ల నుంచి మళ్ల చీటీ తీసిండ్రు. 79 నియోజకవర్గాలు, ఒక్కోదాని నుంచి ఒక ఆడామె, ఒక మొగాయన. మొత్తం 158 మంది. సగం మంది ఆడోళ్లు. ఆడబిడ్డలకు సగం సీట్లు ఇయ్యాలె అని ఎవరూ ధర్నా చెయ్యలే. నియమంల్నే రాసిండ్రు, అయిపోయింది.

చీటీలు తీసినంక ఒక తప్పు బయటవడ్డది. ఆ గడ్డ మీద మొదటిసంది ఉన్న ఆదివాసీల నుంచి ఒక్కరి పేరు సుత రాలేదు. చీటీకి కులం లేదు, జాతి లేదు అంటం గని, తక్కువ మంది ఉన్నోళ్లు చీటీల సుత తప్పిపోతరు. అందుకని ఇద్దరు ఆదివాసీలను, మళ్ల ఒక ఆడామె, ఒక మొగాయన, అదనంగ తీసుకున్నరు. అట్ల 160 మంది అయిండ్రు. సభ నడిపేతందుకు అధ్యక్షుడు ఒకాయన, జాక్ బ్లేనీ. యూనివర్సిటీ నడిపిన మనిషి, ఏ పార్టీ మనిషి కాదు.

సభల కూసున్న రోజుకు ఒక్కొక్కరికి 150 డాలర్లు ఇచ్చిండ్రు. రానుపోను ఖర్చులు వేరే. ఇది చిన్న ముచ్చట కాదు. పైసలియ్యకుంటే కైకిలి చేసేటోడు కైకిలి ఇడిసిపెట్టి వస్తడా? పైసలు లేని సభకు పైసలున్నోళ్లే వస్తరు.

దగ్గర దగ్గర ఏడాది ఏం చేసిండ్రు?

మొదలు చదువుకున్నరు. 2004 జనవరి నుంచి మార్చి దాక, వారం ఇడిసి వారం శని ఆదివారాలు వాంకోవర్‌ల కూసొని, ప్రపంచంల ఏ ఏ దేశంల ఎట్ల ఓట్లేస్తరు, ఏ పద్ధతిల ఏం మంచి, ఏం చెడు అని పంతుళ్లు చెప్తే విన్నరు, అడిగిండ్రు, చిన్న చిన్న గుంపులల్ల కూసొని మాట్లాడుకున్నరు. అంతకుముందు ఎన్నికల పద్ధతి అంటే ఏందో ఎన్నడూ సోంచాయించని మనుషులు వాళ్లు.

తర్వాత విన్నరు. మే, జూన్ నెలలల్ల రాష్ట్రమంత తిరిగి 50 చోట్ల బహిరంగ సభలు పెట్టిండ్రు. ఎవరైనా వచ్చి చెప్పొచ్చు. రాతపూర్వకంగ 1,600 దాక సలహాలు వచ్చినయి.

ఆ సభలల్ల ఊరోళ్లు లేపిన ముచ్చట ఒకటి మనకు పనికొస్తది. ఉత్తరాన అడవులు, గుట్టలు ఉన్న చోట జనం పలచగ ఉంటరు. "పద్ధతి మార్చి నియోజకవర్గాలు పెద్దగ చేస్తే మా ఎమ్మెల్యే మాకు అందకుంట పోతడు" అని వాళ్ల భయం. మా మండలంల ఎమ్మార్వో ఆఫీసుకు పోవాల్నంటే రెండు బస్సులు మారుతం. నాకు ఆ భయం ఎందుకో మంచిగ తెలుసు. సభ్యులు ఆ మాట పక్కన పెట్టలే. ఆఖరి నిర్ణయంల పల్లె ప్రాంతాలకు చిన్న నియోజకవర్గాలు, పట్నాలకు పెద్దవి అని రాసుకున్నరు.

చలికాలం రాకముందే మళ్ల కూసొని తేల్చిండ్రు. 2004 అక్టోబర్‌ల ఓటు పెట్టుకుంటే, పాత పద్ధతి తీసేసి కొత్తది పెట్టాలె అన్నోళ్లు 146 మంది, వద్దన్నోళ్లు ఏడుగురు. తలా ఒక పార్టీకి ఓటేసేటోళ్లు, తలా ఒక ఊరోళ్లు, ఏడాదిల ఒక మాట మీదికి వచ్చిండ్రు.

వాళ్లు ఎంచుకున్న పద్ధతి పేరు సింగిల్ ట్రాన్స్‌ఫరబుల్ ఓటు. పేరు సూసి భయపడకుండ్రి, అది మనకు తెల్వనిది కాదు. డిగ్రీ అయినోళ్లు పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎలక్షన్ల ఓటేసి ఉంటరు. ఆ బ్యాలెట్ల టిక్ కొట్టం. పేరు పక్కన 1, 2, 3 అని నంబర్లు వేస్తం. మొదటి లెక్కల ఎవరికీ సరిపోను ఓట్లు రాకుంటే, అందరికంటె తక్కువొచ్చినోళ్లను తీసేసి, వాళ్ల ఓట్లు రెండో నంబర్ ఎవరికి వేస్తే వాళ్లకు పంచుతరు. అందుకే ఆ లెక్కింపు రెండు మూడు రోజులు నడుస్తది. రాజ్యసభ మెంబర్లను మన ఎమ్మెల్యేలు ఎన్నుకునేది సుత గీ పద్ధతిలనే. అంటే వాళ్లు వాళ్లు ఎన్నుకునేటప్పుడు ఓట్లు తక్కువ వృథా అయ్యే పద్ధతి. మనం ఎన్నుకునేటప్పుడు వేరే పద్ధతి.

బ్రిటిష్ కొలంబియా సభ చెప్పిందాంట్ల ఒక్కో నియోజకవర్గానికి ఇద్దరి నుంచి ఏడుగురి దాక ఎమ్మెల్యేలుంటరు. నలుగురు ఉండేకాడ, అయిదో వంతు కంటె జర ఎక్కువ ఓట్లొస్తే ఒక సీటు వస్తది. మా బాపు పార్టీకి మా దిక్కు ఎప్పుడైన అయిదింట ఒక వంతు ఓట్లు పడ్తయి. ఆ లెక్కన ఆయన ఓటు మోరీల పడకపోవు.

57 శాతం వచ్చినా ఓడింది

సభ చెప్పిన మాటను ప్రజల ముంగట పెట్టిండ్రు. 2005 మే 17 నాడు అసెంబ్లీ ఎలక్షన్, అదే రోజు ఈ ముచ్చట మీద ప్రజాభిప్రాయ ఓటు. అవునన్నోళ్లు 57.69 శాతం. 79 నియోజకవర్గాలల్ల 77 చోట్ల "అవును"కే ఎక్కువొచ్చినయి.

ఇంత వస్తే గెలిసినట్టే కదా? కాదు. సర్కారు ముందుగాల్నే ఒక గీత గీసింది. రాష్ట్రం మొత్తం మీద 60 శాతం రావాలె, 60 శాతం నియోజకవర్గాలల్ల సగానికంటె ఎక్కువ రావాలె. రెండోది ఉట్టిగనే దాటింది. మొదటిదాని కాడ రెండు శాతం సిల్లర తక్కువయ్యింది. పాత పద్ధతే ఉండిపోయింది.

అదే రోజు, అదే బూతుల, అదే జనం వేసిన ఇంకో ఓటు సూడుండ్రి. లిబరల్ పార్టీకి 45.8 శాతం ఓట్లొచ్చినయి. 79ల 46 సీట్లు గెలిసి మళ్ల సర్కారు పెట్టింది. 46 శాతం రానోళ్లు రాజ్యమేలొచ్చు. 57 శాతం దాటిన మార్పు మాత్రం ఓడినట్టు. ఈ రెండు అంకెలు నా ఫోన్ల స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్న. ఎవరన్న "జనం మార్పు కోరుకుంటలేరు" అంటే సూపెడ్త.

గీత గీసుడే తప్పు అంట లేను. ఎన్నికల పద్ధతి లాంటి పెద్ద దాన్ని సగం మీద ఒక్క ఓటుతోని మార్చొద్దు అనేది సుత ఒక వాదనే. కని ఆ గీత ఎక్కడ గియ్యాల్నో తేల్చింది చీటీల పేరొచ్చిన 160 మంది కాదు, పాత పద్ధతిల గెలిసిన అసెంబ్లీ.

జనం ఎందుకు సై అన్నరు?

ఇది నాకు అన్నిటికంటె ముఖ్యమైన ముచ్చట. ఆ ఓటు మీద పరిశోధన చేసిన కెనడా పంతుళ్లు ఒక సంగతి తేల్చిండ్రు. కొత్త పద్ధతి లెక్కలు ఎట్ల నడుస్తయో జనంల శానామందికి పూర్తిగ తెల్వది. అయినా అవునన్నరు. పౌరసభ గురించి తెలిసినోళ్లు, అండ్ల కూసున్నది తమ లాంటి మామూలు మనుషులే అని తెలిసినోళ్లు, అవును దిక్కు ఎక్కువ మొగ్గిండ్రు.

మనకు ఇది వింతేం కాదు. డాక్టర్ రాసిన మందుల చీటీ మనకు సదవరాదు. ఊర్ల మన మనిషి "ఆయన మంచి డాక్టరే, నేను సూపెట్టుకున్న" అంటే నమ్ముతం. జనం నమ్మింది లెక్కను కాదు, లెక్క చేసిన మనుషులను. వాళ్లకు మళ్ల గెలవాల్నన్న ఆశ లేదు, టికెట్ మీద కన్ను లేదు, ఏడాది కూసొని సదివిండ్రు. అదే నమ్మకం.

ఆ నమ్మకం ఎంత పలచనిదో తర్వాత తెలిసింది. ఇదే ముచ్చట మీద 2009ల రెండోపారి ఓటు పెట్టిండ్రు. అదే పద్ధతి, అదే 60 శాతం గీత. అవునన్నోళ్లు 39 శాతం! నాలుగేండ్లల్ల 57 నుంచి 39కి పడిపోయింది. పౌరసభ అయిపోయి అయిదేండ్లు కావస్తున్నది, ఆ 160 మంది ఎవలి ఇండ్లకు వాళ్లు పోయిండ్రు. జనం ముంగట మిగిలింది కొత్త పద్ధతి లెక్కలు, మ్యాపులు, అవును కాదు అని రెండు దిక్కుల ప్రచారం. మనుషులు కనవడకుంట పోయినంక నమ్మకం సుత పోయింది. ఇది నేను తీసుకున్న అర్థం. మధ్యల సర్కారు మీద జనం మనసు మారుడు సుత ఒక కారణమై ఉండొచ్చు.

కెనడాలనే ఉన్న ఒంటారియో రాష్ట్రం సుత గిట్లనే చేసింది. 103 మందిని చీటీ తీసి కూసోపెట్టింది. వాళ్లు చెప్పిన మార్పు మీద 2007 అక్టోబర్‌ల ఓటు పెడితే 37 శాతం సుత రాలే. అసొంటి సభ ఒకటి జరిగిందని శానామంది ఓటర్లకు తెల్వనే తెల్వది. నెదర్లాండ్స్‌ల 2006ల 143 మందితోని సభ పెట్టిండ్రు. వాళ్లు రాసిచ్చిన దాన్ని తర్వాతొచ్చిన సర్కారు పక్కన పెట్టింది, జనం దాక పోనే లేదు.

జనం అడుగుతున్నరు, పార్లమెంట్ వద్దన్నది

ఇన్నిసార్లు ఓడినంక జనానికి ఇసుగొచ్చి ఉంటదనుకుంటం. కాలేదు. కెనడా మొత్తానికి ఒక పౌరసభ పెట్టి ఎన్నికల పద్ధతి మీద తేల్చమందామా అని ఏకాస్ అనే సంస్థ 2022ల సర్వే చేస్తే, నలుగురిల ముగ్గురు పెట్టాలె అన్నరు. అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీలల్ల ప్యూ అనే సంస్థ అడిగితే సుత, పౌరసభలు పెట్టుడు ముఖ్యం అన్నోళ్లు గంతే, నాలుగింట మూడు వంతుల సుట్టుపక్కల. పార్టీల మీద నమ్మకం పోయిన దేశాలల్ల, పక్కింటోళ్ల మీద నమ్మకం ఇంకా ఉన్నదన్నట్టు.

మరి పార్లమెంట్ ఏమన్నది? 2015ల జస్టిన్ ట్రూడో "ఈ పాత పద్ధతిల ఇదే ఆఖరి ఎలక్షన్" అని మాటిచ్చి గెలిసిండు. 2017 ఫిబ్రవరిల ఆ మాట ఇడిసిపెట్టిండు. మళ్ల 2024 ఫిబ్రవరిల ఒక ఎన్‌డీపీ మెంబర్, లీసా మేరీ బారన్, పౌరసభ పెడదాం అని తీర్మానం తెచ్చింది. పెట్టాలె అన్నోళ్లు 101. వద్దన్నోళ్లు 220. బయట నలుగురిల ముగ్గురు అవునంటే, లోపల ముగ్గురిల ఇద్దరు కాదన్నరు.

నేను మొదట చెప్పిన ముడి ఇదే. జనం మద్దతు ఉన్నా, తలుపు తాళంచెయ్యి లోపలోళ్ల చేతిల ఉన్నది.

మన దిక్కు సూస్తే

"ఇదంత కెనడా కథ, మనకెందుకురా" అని దోస్తులు అన్నరు. వాళ్లు అడిగిన ప్రశ్నలు మంచియే, అందుకే ఈడ రాస్తున్న.

ఒకడు అన్నడు: "చీటీ తీసి నిర్ణయం చేసుడేంది, ఇది లక్కీ డ్రానా?" అరే, మనకు చీటీ కొత్తదా? సర్పంచ్ ఎలక్షన్ల ఏ ఊరు మహిళలకు అనేది లాటరీ తీసే తేలుస్తరు. ఇద్దరికి సమానం ఓట్లొస్తే చీటీ తీసే గెలిసినోళ్లను చెప్తరు. వైన్ షాపుల లైసెన్సులు సుత డ్రా తీసే ఇస్తరు. పక్షపాతం వద్దు అన్నకాడల్ల మనం చీటీనే నమ్ముతం. పౌరసభల చీటీతోని తేలేది నిర్ణయం కాదు. ఎవలు కూసోవాలె అనేదే. నిర్ణయం ఏడాది సదువు, ముచ్చట అయినంకనే.

ఇంకొకడు అన్నడు: "వాళ్లను ఎవడు ఎన్నుకున్నడు? తప్పు చేస్తే ఎవలిని అడగాలె?" ఇది గట్టి ప్రశ్న. అందుకే ఆడ పౌరసభకు చట్టం చేసే అధికారం ఇయ్యలే. రాసి ఇచ్చుడే వాళ్ల పని. ఆఖరి మాట ఓటర్లది. ఇంకో లోపం సుత ఉన్నది. ఉత్తరమొస్తే రమ్మన్నా రానోళ్లే ఎక్కువ. వచ్చేటోళ్లకు జర ఆసక్తి, తీరిక ఎక్కువుంటయి. చీటీ అద్దం లెక్కనే ఉంటది గని, ఆ అద్దంల సుత జర మచ్చ ఉంటది.

మూడో ఆమె, మా చెల్లె, అన్నది: "మన ఊర్ల గ్రామసభ ఉన్నది కదా, దానికి అందరు రావొచ్చు కదా?" ఉన్నది. రాజ్యాంగంల్నే ఉన్నది. కని మొన్న రేషన్ కార్డుల గ్రామసభకు నేను పోయిన. లిస్టు సదివిండ్రు, నాలుగు మాటలు అయినయి, ఇద్దరు పెద్దమనుషులు మాట్లాడిండ్రు, సంతకాలు తీసుకున్నరు. మా అవ్వ ఎన్క నిలబడి ఒక మాట అడగబోయింది, మైకు ఆమె దాక రాలే. అందరు రావొచ్చు అన్నకాడ, అలవాటున్నోళ్లే మాట్లాడ్తరు. బ్రిటిష్ కొలంబియాల చీటీల పేరొచ్చిన ఆమెకు కుర్చీ ఉన్నది, టైమ్ ఉన్నది, రోజు కూలి ఉన్నది, ఆమె మాట రాసుకునే మనిషి ఉన్నడు. తేడా ఆడ ఉన్నది.

ఇప్పుడే ఎందుకు అంటున్ననంటే

ఎన్నికల పద్ధతి మార్చే ముచ్చట మన దేశంల సుత నడుస్తనే ఉన్నది. దేశమంత ఒక్కసారే ఎలక్షన్లు పెట్టాల్నా అని 2023 సెప్టెంబర్‌ల మాజీ రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆధ్వర్యంల కమిటీ వేసిండ్రు. 2024 మార్చిల రిపోర్ట్ ఇచ్చిండ్రు. జనం అభిప్రాయం చెప్పుమంటే 21,558 మంది రాసిండ్రు, అండ్ల 80 శాతం దాక అవునన్నరని రిపోర్ట్‌ల ఉన్నది. మన దేశంల ఓటర్లు 96 కోట్ల పైన. నియోజకవర్గాలు మళ్ల గీసే ముచ్చట సుత ముంగట ఉన్నది. దక్షిణాది సీట్లు ఏమైతయో అని రోజు పంచాయితే.

ఆ మార్పులు మంచియా చెడ్డయా అని నేను ఈడ చెప్తలేను. దాని మీద మీకు మీ అభిప్రాయం ఉంటది, ఉండాలె. నేను అడిగేది అంతకుముందుది. రాసి పంపిన 21,558 మంది ఎవలు? వాళ్లను ఎవరూ ఎంచలే, వాళ్లకు వాళ్లే ముంగటికొచ్చిండ్రు. అండ్ల మా బాపు లాంటోళ్లు ఎందరు? ఈమెయిల్ పంపరాని అవ్వలు ఎందరు? వాళ్లకు రెండు దిక్కుల వాదన ఎవరన్న కూసోపెట్టి చెప్పిండ్రా? అడగకుంట వచ్చిన అభిప్రాయం వేరు. సదివి, విని, వాదించుకొని వచ్చిన అభిప్రాయం వేరు.

అందుకని తమ్మీ, చెల్లే, ఎన్నికల నియమం మారుస్తం అని ఏ పార్టీ వచ్చినా, మనది అయినా పక్కోళ్లది అయినా, నాలుగు ప్రశ్నలు అడుగుండ్రి. ఇది తేల్చినోళ్లు ఎవలు? వాళ్లను ఎట్ల ఎంచిండ్రు? ఎన్ని రోజులు కూసొని ఎవలి మాట విన్నరు? ఆఖరి మాట మన చేతికిస్తరా, ఇస్తే గీత ఎక్కడ గీస్తరు? ఈ నాలుగిటికి సక్కగ జవాబు రాకుంటే, మార్పు ఎంత మంచిదైనా అది మనది కాదు, వాళ్లది.

రాష్ట్రం మొత్తానికి పౌరసభ వచ్చుడు రేపే కాదు, నాకు తెలుసు. మా ఊర్ల మా యువజన సంఘంల మేము చిన్న పని మొదలువెట్టినం. ఊరికి చెరువు పైసలు మిగిలినయి, ఏం చెయ్యాల్నో సంఘంల తేలుతలేదు. ఓటర్ల లిస్టు తీసి, చిన్నపిల్లగానితోని పన్నెండు చీటీలు తీయించినం. ఆరుగురు ఆడోళ్లు, ఆరుగురు మొగోళ్లు. రెండు ఆదివారాలు బడిల కూసోవాలె, లెక్కలన్ని ముంగట పెడ్తం, తర్వాత గ్రామసభల చెప్పాలె.

పన్నెండుల మా బాపు పేరొచ్చింది. మొదలు నవ్విండు, "నాకేం తెలుస్తదిరా" అన్నడు. శనివారం రాత్రి సూస్తే, కండ్లద్దాలు పెట్టుకొని చెరువు లెక్కల కాయితం ముంగటేసుకొని కూసున్నడు. ఒకకాడ ఏలు పెట్టి, "ఇగో, ఈ లెక్క తప్పున్నది, రేపు అడుగుత" అన్నడు.